క్రీడా ఆరోగ్య శాస్త్రాలలో పరిశోధన - లాడ్ బజారు నేర్పిన పాఠం

ఎం.పి.యెడ్. పూర్తిచేసి "యిక పిహెచ్.డి. చేస్తాను" అని ఇంట్లో చెప్పినప్పుడు మా నాయన అడిగిన మొదటి ప్రశ్న నాకింకా గుర్తున్నది. "ఆటల్లో పరిశోధించడాని కేముందిరా? బంతి గుండ్రంగా వుంటుందని తేల్చడానికి మూడేళ్లు కావాలా?" అన్నాడు. ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే జవాబు తెలియక ఊరుకున్నాను. మన సంచిక సంపాదకులు ఈ విషయం మీద ఒక వ్యాసం రాయమని అడిగేసరికి, ఆ బాకీ తీర్చుకునే అవకాశం దొరికిందనుకున్నాను. మన కళాశాలలో ఏటా ఎందరో ఈ శాఖలో పరిశోధన చేద్దామా వద్దా అని తటపటాయిస్తుంటారు. ఇది వారికోసం.

1. ఇంతకీ ఈ శాస్త్రమేమిటి?

వ్యాయామ విద్య అనగానే మనకు విజిలు, తెల్లటి బూట్లు, పి.ఇ.టి. మాస్టారు గుర్తుకొస్తారు. తప్పులేదు. ఆ మాస్టర్లే దేశానికి ఎంతో చేశారు. మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు బడిపంతులుగా పనిచేసినవారే. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది; 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఐతే శిక్షణ ఇవ్వడం వేరు, పరిశోధన వేరు. "ఈ కుర్రవాణ్ణి బాగా ఆడించాలంటే ఏం చెయ్యాలి?" అన్నది శిక్షకుని ప్రశ్న. "కదలిక మనిషి శరీరాన్ని ఏం చేస్తుంది? కదలిక లేకపోతే ఏమవుతుంది? అది మన కెట్లా తెలుస్తుంది?" అన్నది పరిశోధకుని ప్రశ్న. ఇందులో శరీర ధర్మ శాస్త్రం వుంది, పోషకాహారం వుంది, మనస్తత్వం వుంది, గణాంక శాస్త్రం వుంది. ఆటగాడు ఒక్కడే కాదు, రోజంతా కుర్చీలో కూర్చునే గుమాస్తా, బరువులు మోసే హమాలీ, ఇంట్లో పనిచేసే తల్లి, అందరూ ఈ శాస్త్రం పరిధిలోకి వస్తారు.

ఒక చిన్న లెక్క చూడండి. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన పట్టిక ప్రకారం, 65 కిలోల బరువున్న పురుషుడు కూర్చుని పనిచేసేవాడైతే రోజుకు 2110 కిలో కేలరీల శక్తి కావాలి. అదే మనిషి మధ్యరకం శ్రమ చేస్తే 2710, కఠిన శ్రమ చేస్తే 3470. మనిషి ఒక్కడే, బరువు ఒక్కటే. పని మారితే 1360 కిలో కేలరీల తేడా! కనుక ఏం తిన్నాడు అని అడిగినంత శ్రద్ధగా ఎంత కదిలాడు అని కూడా అడగాలి. ఈ సంస్థ మన ఉస్మానియా ప్రాంగణానికి ఆనుకునే తార్నాకలో వున్నది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరం కూడా 1918 కావడం ఒక ముచ్చట.

2. చేరడం ఎట్లా?

దీన్ని గూర్చి క్లుప్తంగా చెబుతాను. విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘం 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలతో ఎం.ఫిల్. రద్దయింది. సాధారణంగా పి.జి.లో 55 శాతం మార్కులుండాలి. రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు వుంది. నెట్ పరీక్షలో వ్యాయామ విద్య ఒక ప్రత్యేక సబ్జెక్టు. జె.ఆర్.ఎఫ్. వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్పు. ఈ మొత్తం 2023 జనవరి నుంచి పెరిగినది. చేరిన తరువాత కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్కు చెయ్యాలి. కాలవ్యవధి తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. స్త్రీలకు మరి రెండేళ్లు పొడిగింపు దొరకవచ్చు. 240 రోజులదాకా ప్రసూతి సెలవు కూడా వుంది. ఆరు నెలలకొకసారి సలహా సంఘం ముందు పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకోవాలి.

గైడును వెతుక్కునేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రొఫెసరు దగ్గర ఏ సమయంలోనైనా ఎనిమిది మందికి, అసోసియేట్ దగ్గర ఆరుగురికి, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి పిహెచ్.డి. విద్యార్థులు వుండరాదు. "పెద్ద పేరున్న వారు" అని కాక, "నా ప్రశ్న మీద ఆసక్తి, నాకు చెప్పే తీరిక వున్న వారు" అని చూసుకోండి. పేరు అట్టమీదకు పనికొస్తుంది. తీరిక లోపలి పేజీలకు పనికొస్తుంది.

3. ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

నేను మొదట తీసుకెళ్లిన అంశం "అంతర్ కళాశాల కబడ్డీ క్రీడాకారుల శారీరక సామర్థ్యం - ఒక తులనాత్మక పరిశీలన". మా గురువుగారు చదివి, "నాయనా, శోధ్‌గంగలో ఒకసారి చూసిరా" అన్నారు. దేశంలోని సిద్ధాంత వ్యాసాలను భద్రపరిచే కంప్యూటర్ భాండారం అది. చూశాను. కబడ్డీ బదులు ఖోఖో, హైదరాబాదు బదులు మరో ఊరు, అంతే తేడాగా వున్న వ్యాసాలు వరసగా కనబడ్డాయి. సిగ్గేసింది.

ఆ వారంలోనే మా అక్కయ్య పెళ్లి గాజులకోసం అమ్మతో లాడ్ బజారు వెళ్లాను. చార్మినారు పడమటి వైపు మొదలై మహబూబ్ చౌక్ వైపు సాగే ఆ వీధి మనకు కొత్తది కాదు. కాని ఆ రోజు బేరం తెమలక, దుకాణం వెనక గల్లీలోకి నడిచి, ఒక చిన్న కార్ఖానా గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల బొగ్గుల కుంపటి. దానిమీద లక్క మెత్తబడుతోంది. ఒకాయన దాన్ని ముద్దచేసి, పలకమీద దొర్లించి, సన్నని కడ్డీలా సాగదీసి, కొలతకు వంచి అతుకుతున్నాడు. పక్కన నలుగురు నేలమీద గొంతుకూర్చుని, మెడ వంచి, ఆ వేడి తగ్గేలోగా రాళ్లు ఒక్కొక్కటే పొదుగుతున్నారు. నేనున్న అరగంటలో ఒక్కరూ లేవలేదు. ఒకతను మాత్రం నడుమ నడుమ ఎడమచేత్తో కుడి మణికట్టును నొక్కుకుంటున్నాడు.

అది చూసి నేను, నాకు వచ్చిన హైదరాబాదీ ఉర్దూలో, "కసరత్తు చేస్తారా చాచా?" అని అడిగాను. కుంపటి దగ్గరి పెద్దాయన తలెత్తి నవ్వాడు. "వో పైల్వానాఁ కా కామ్ హై, బేటా" అన్నాడు. అది వస్తాదుల పని, మా పని కాదు అని! పాతబస్తీలో తాలీంఖానాలకు, వస్తాదులకు కొదవలేదు కదా. రోజంతా చేతులు కదులుతూనే వున్నా శరీరం మాత్రం కదలని మనిషి, కసరత్తు మరొకరి పని అనుకుంటున్నాడు. నా ప్రశ్న నాకు అక్కడ దొరికింది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గాజు చేసిన మెడకు, నడుముకు, మణికట్టుకు ఏమవుతోంది?

4. లండన్ బస్సుల కథ

ఇట్లాంటి ప్రశ్న మనకంటే ముందే ఒకాయన వేశాడు. జెరమీ మోరిస్ అనే వైద్యుడు, తన సహచరులతో కలిసి లండన్ నగరపు డబుల్ డెక్కర్ బస్సు సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు రోజంతా మేడ మెట్లు ఎక్కి దిగుతుంటాడు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సంస్థలో పనిచేసేవారు. కాని డ్రైవర్లకంటే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడింది. వచ్చినా అంత తీవ్రంగా లేదు. మైదానంలోనే కాక, పనిలో జరిగే కదలిక కూడా ఆరోగ్యానికి సంబంధించినదేనని లోకానికి చూపిన తొలి పెద్ద అధ్యయనాలలో ఇది ఒకటి.

కథ ఇంతటితో ఆగితే అది సగం పాఠమే. మోరిస్ బృందానికి తమ ఫలితం మీద తమకే సందేహం వచ్చింది. లావుగా వున్నవాళ్లే మొదటినుంచి డ్రైవర్లుగా చేరుతున్నారేమో? అప్పుడు తప్పు కుర్చీది కాదుగదా? దీన్ని తేల్చడానికి వారు సిబ్బందికి కుట్టించిన యూనిఫాముల కొలతలు తెప్పించారు. ప్యాంటు నడుము కొలతలు చూస్తే చిన్న వయసులో వున్న డ్రైవర్ల నడుము కూడా కండక్టర్లకంటే పెద్దదే! ఆ సంగతి దాచుకోకుండా 1956లో తామే ప్రకటించారు. తరువాత మరిన్ని అధ్యయనాలు జరిగి, కదలిక మేలు చేస్తుందన్న మాట నిలబడింది. కాని, తమ ఫలితాన్ని తామే దర్జీ పుస్తకంతో పరీక్షకు పెట్టిన ఆ నిజాయితీ వుందే, అదీ పరిశోధనంటే.

నా పనికి ఈ కథను అన్వయించుకుంటే ఇట్లా వుంటుంది. రాళ్లు పొదిగేవారికి మెడనొప్పి ఎక్కువ, దుకాణంలో నిలబడి అమ్మేవారికి తక్కువ అని తేలిందనుకోండి. వెంటనే "పనివల్లనే" అని రాయగూడదు. నడుము నొప్పి వచ్చినవారు కార్ఖానా వదిలి దుకాణంలో చేరివుండవచ్చు. బాగా నొప్పి వచ్చినవారు అసలు బజారే వదిలేసి ఇంట్లో వుండవచ్చు; వారు మన లెక్కలోకే రారు. కనుక "ఎన్నేళ్లుగా చేస్తున్నారు? ఇదివరకు ఏ పని చేశారు? మీతో పనిచేసి మానేసిన వారెవరైనా వున్నారా?" అనే ప్రశ్నలు నా పత్రంలో చేరాయి.

5. కొలత - ఒక పొరపాటు

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. తోటి విద్యార్థులకు ఉపయోగపడుతుందనే రాస్తున్నాను.

హృదయ శ్వాసకోశాల సామర్థ్యం కొలవడానికి మనం తరగతిలో నేర్చుకునే సులువైన పద్ధతి క్వీన్స్ కాలేజి స్టెప్ టెస్టు. 41.3 సెంటీమీటర్ల ఎత్తు పీటమీద మూడు నిమిషాలపాటు ఎక్కి దిగాలి. పురుషులు నిమిషానికి 24 సార్లు, స్త్రీలు 22 సార్లు. ఆగిన తరువాత 5వ సెకను నుంచి 20వ సెకను దాకా, అనగా 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి. పురుషులకు సూత్రం: 111.33 లోంచి, నాడిని 0.42తో హెచ్చవేయగా వచ్చినది తీసివేయాలి. ఉదాహరణకు 15 సెకన్లలో 38 సార్లు కొట్టుకుంటే నిమిషానికి 152. దాన్ని 0.42తో హెచ్చవేస్తే 63.84. తీసివేయగా 47.49. అంటే ఆ మనిషి శరీరం కిలో బరువుకు నిమిషానికి దాదాపు 47.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకోగలదని అంచనా.

పీట చేయించుకున్నాను. స్టాప్‌వాచి కొన్నాను. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాను. అనుమతి ఇంకా రాలేదు. "ఊరికే ఒకసారి చూద్దాం, లెక్కలో రాయను గదా" అనుకుని ఒక సాయంత్రం పీట పట్టుకుని ఆ గల్లీకి వెళ్లాను. కుర్రాళ్లు ఇద్దరు సరదాగా చేశారు. వాళ్లు నవ్వుతూ పిలిస్తే కుంపటి దగ్గరి చాచా కూడా లేచాడు. యాభై దాటిన మనిషి. నేను ఏమీ అడగలేదు. రెండో నిమిషం సగంలో ఒక కుర్రాడు "చాచా!" అని అరిచాడు. తల ఎత్తి చూసేసరికి ఆయన గోడ పట్టుకుని వున్నాడు. ముఖమంతా చెమట, ఊపిరి అందడం లేదు. అప్పటిదాకా నేను గడియారం చూస్తున్నాను. మనిషిని చూడలేదు.

దగ్గరలోని ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తపోటు బాగా ఎక్కువగా వుందన్నారు. ఆయన కది అంతకుముందు తెలియదు. రాత్రికి కుదుటపడి ఇంటికి వెళ్లాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు గురువుగారికి ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "కాగితం తీసుకో. జరిగినదంతా నువ్వే రాసి కమిటీకి ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. నా పని కొన్ని నెలలు ఆగిపోయింది. ఆగడమే న్యాయం.

ఇందులో నేను నేర్చుకున్నవి మూడు. ఒకటి, మనుషులమీద చేసే ఏ పరీక్షకైనా అనుమతి ముందు, పీట తరువాత. "ఊరికే చూద్దాం" అనేది పరిశోధనలో లేదు. 1964 హెల్సింకి ప్రకటన నుంచి మన వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల వరకు అందరూ చెప్పేది ఇదే. రెండు, శ్రమ పరీక్షకు ముందు జాగ్రత్త ప్రశ్నలు అడగాలి. కెనడాలో తయారైన ఏడు ప్రశ్నల పత్రం ఒకటి వుంది: గుండెజబ్బు వుందని డాక్టరెవరైనా చెప్పారా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కీళ్ల బాధ వుందా, ఇట్లాంటివి. దానికి తోడు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి రక్తపోటు చూడాలి. మూడు, ఆ సూత్రం ఎవరిమీద తయారైందో చూడాలి. అది అమెరికాలో కాలేజి విద్యార్థులమీద కట్టిన లెక్క. నేలమీద కూర్చుని ముప్ఫై ఏళ్లు పనిచేసిన యాభై ఏళ్ల మనిషికి దాన్ని అంటగడితే అంకె వస్తుంది, నిజం రాదు.

అందుకని స్టెప్ టెస్టు మానేసి ఆరు నిమిషాల నడక పరీక్ష తీసుకున్నాను. తన వేగాన తాను నడవవచ్చు, మధ్యలో ఆగవచ్చు. దానికి 30 మీటర్ల చదునైన బాట కావాలి. పగటిపూట లాడ్ బజారులో 30 మీటర్లు ఎవరికీ తగలకుండా నడిచిన వాడికి పిహెచ్.డి. ఊరికే ఇవ్వచ్చు! చివరకు దుకాణాలు తెరవకముందు, తెల్లవారుజామున కొలవాలని నిశ్చయించాం. చేతి పట్టుకు గ్రిప్ డైనమోమీటరు; నొప్పులకు 1987లో వెలువడిన నార్డిక్ ప్రశ్నావళి. ఇది శరీరాన్ని మెడ నుంచి పాదాల దాకా తొమ్మిది భాగాలు చేసి, గత 12 నెలలలో, గత 7 రోజులలో బాధ వుందా అని అడుగుతుంది.

6. ఎంతమందిని, ఎప్పుడు, ఎవరు కొలవాలి?

"వందమంది చాలా?" అని ప్రతివాడూ అడుగుతాడు. దానికి ఒక చిన్న సూత్రం. ఒక బాధ నూటికి ఎందరిలో వుందో తెలుసుకోవాలంటే 4 ను పి తోను, క్యూ తోను హెచ్చవేసి, ఓర్చుకోగల పొరపాటు వర్గంతో భాగించాలి. పి అంటే బాధ వున్నవారి శాతం, క్యూ అంటే లేనివారి శాతం. ఏమీ తెలియనప్పుడు 50, 50 అనుకుంటాం. పది శాతం అటూ ఇటూ ఫరవాలేదంటే, 4 x 50 x 50 ను 100తో భాగిస్తే 100 మంది. ఐదు శాతమే వుండాలంటే 25తో భాగించాలి, 400 మంది. కచ్చితత్వం రెట్టింపు కావాలంటే మనుషులు నాలుగు రెట్లు కావాలి. ఇది తెలియక సినాప్సిస్‌లో పెద్దమాటలు రాసి తరువాత బాధపడేవారు చాలామంది.

ఎప్పుడు అన్నది అంతకంటే ముఖ్యం. రంజాను నెలలో ఆ బజారు రాత్రిళ్లు కూడా వెలుగుతూనే వుంటుంది. ఉపవాసం, నిద్ర, పనిగంటలు అన్నీ మారిపోతాయి. అప్పుడు తీసిన కొలతను మామూలు నెల కొలతతో కలపరాదు. పెళ్లిళ్ల కాలంలో పని ఎక్కువ. క్యాలెండరు చూడకుండా చేసిన సర్వే పంచాంగం లేకుండా పెట్టిన ముహూర్తం వంటిది.

మరి ఎవరు? రాళ్లు పొదిగే పని ఇళ్లలో స్త్రీలు కూడా చేస్తారు. నేను ఆ ఇళ్లలోకి పోలేను, పోగూడదు. మా విభాగంలో జూనియర్ అమ్మాయి ఒకామె, ఉర్దూ బాగా వచ్చినది, ఆ భాగం చేయడానికి ముందుకొచ్చింది. అప్పుడు మరో పని పడింది. నేను కొలిచినా, ఆమె కొలిచినా ఒకే అంకె రావాలి. అందుకని ఇద్దరం ముందుగా మా తోటి విద్యార్థులనే రెండేసి సార్లు విడివిడిగా కొలిచి పోల్చుకున్నాం. మొదటి రోజు మా ఇద్దరి అంకెలు కలవలేదు. డైనమోమీటరు పట్టించేటప్పుడు నేను మోచేయి చాపిస్తున్నాను, ఆమె వంచిస్తున్నది. పుస్తకం చూస్తే ఆమెదే సరి!

సమ్మతి పత్రం ఉర్దూలోను, తెలుగులోను రాయించాం. చదవలేనివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి. "ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయవచ్చు, మీ పనికేమీ నష్టం రాదు" అన్న వాక్యం యజమాని వినేటట్లు కాక, కార్మికుడు నమ్మేటట్లు చెప్పాలి. అందుకే యజమాని లేనప్పుడు, విడిగా అడిగాం.

7. "మరి నాకేమొస్తుంది?"

అనుమతి వచ్చిన తరువాత మళ్లీ ఆ గల్లీకి వెళ్లడానికి కాళ్లాడలేదు. చాచా నన్ను చూసి చాయ్ తెప్పించాడు. మందులు వాడుతున్నానని చెప్పాడు. నేను క్షమించమన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా అడిగాడు. "బేటా, మా చేతులు కొలిచి నువ్వు డాక్టరు వవుతావు. మంచిదే. నీతో ఇరవై నిమిషాలు కూర్చుంటే నాకు అన్ని గాజులు తగ్గుతాయి. మరి నాకేమొస్తుంది?"

ఇది ఏ పరిశోధనా పద్ధతుల పుస్తకంలోను లేని ప్రశ్న కాదు, వుంది. కాని పుస్తకంలో చదివినప్పుడు అది ఒక పేరా. ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే అది వేరు. "మీకేమీ రాదు చాచా, శాస్త్రానికి వస్తుంది" అనడానికి నోరు రాలేదు.

గురువుగారితో మాట్లాడి పథకం మార్చాను. మొదటి మార్పు: కొలిచిన ప్రతివారికీ ఆ రోజే వారి రక్తపోటు, బరువు, చేతిపట్టు ఒక చీటీ మీద వారి భాషలో రాసి ఇవ్వాలి. ఎక్కువ వున్నవారిని ఎక్కడికి పంపాలో ముందుగానే నిర్ణయించుకుని వుండాలి. రెండవ మార్పు: కొలిచి వదిలేయకుండా, ఏదైనా చేసి చూడాలి. గంటకొకసారి రెండు నిమిషాలు లేచి నిలబడి మెడ, భుజాలు, మణికట్లు కదిలించడం. గొంతుకూర్చోవడానికి బదులు పొట్టి పీట వాడడం. ఇవి పన్నెండు వారాలు చేస్తే నొప్పి తగ్గుతుందా, గాజుల లెక్క తగ్గుతుందా, పెరుగుతుందా? కూలి గాజుల లెక్కన వచ్చేవారికి ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. నొప్పి తగ్గి కూలి కూడా తగ్గితే ఎవరు చేస్తారు?

ఇక్కడ పరిశోధనా పద్ధతిలో ఒక చిక్కుంది. ఒకే గదిలో కొందరికి కసరత్తు చెప్పి, కొందరికి చెప్పకుండా వుంటే, పక్కవాణ్ణి చూసి రెండోవాడూ చేస్తాడు. పోలిక చెడిపోతుంది. అందుకని మనిషిని కాక కార్ఖానాను యూనిట్‌గా తీసుకుని, చీట్లు వేసి సగం కార్ఖానాలకు ఇప్పుడు, సగానికి పన్నెండు వారాల తరువాత నేర్పాలని ఏర్పాటు. ఒకే గదిలో వారు ఒకరినొకరు పోలివుంటారు గనుక మనుషుల సంఖ్య ఇంకా పెంచాల్సి వచ్చింది. ఇట్లాంటి ప్రయోగాన్ని మొదటి మనిషి చేరకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఫలితం బాగుంటే చెప్పి, బాగులేకపోతే దాచుకునే వీలు లేకుండా చేసే ఏర్పాటు అది. మోరిస్ దర్జీ పుస్తకం వంటిదే.

చీట్లు వేసిన రోజు చాచా కార్ఖానాకు "తరువాత" అని వచ్చింది. నా ముఖం చూసి ఆయనే, "కానీ బేటా, లాటరీ అంటే లాటరీ. మా కార్ఖానా కోసం మార్చావంటే నీ లెక్క ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. రాండమైజేషన్ గూర్చి నేను విన్న ఉపన్యాసాలన్నిటిలో అది చిన్నది, మంచిది.

8. ముగింపు

నా సిద్ధాంత వ్యాసం ఇంకా పరీక్షకుల ముందుకు పోలేదు. కాబట్టి ఫలితాల అంకెలు ఇక్కడ రాయను. రాయడం న్యాయం కాదు. రెండు నిమిషాల కదలిక నొప్పి తగ్గిస్తుందని తేలవచ్చు, తగ్గించదని తేలవచ్చు. ఏది తేలినా రాస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ మంచిదని చెప్పింది. ఆ మాట లాడ్ బజారు గల్లీలో, గాజుల లెక్కన బతికే మనిషి రోజులో ఎక్కడ ఇమడుతుందో కనుక్కోవడం మనలాంటి వారి పని. అది బయటివారెవరూ వచ్చి చెయ్యరు.

ఈ శాఖలోకి రాదలచిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పగలిగేది ఇది. ప్రశ్నను లైబ్రరీలో సరిచూసుకోండి, కాని వీధిలో వెతుక్కోండి. పరికరం కొనడానికి ముందు అనుమతి తెచ్చుకోండి. గణాంకాలకు భయపడకండి, హెచ్చవేత, భాగహారం వచ్చినవాడికి మొదటి మెట్టు వచ్చినట్లే. తప్పు జరిగితే దాచకండి. దాచిన తప్పు థీసిస్‌లో ఏదో ఒక పట్టికలో కూర్చునే వుంటుంది. అన్నిటికంటే ముందు, ఎవరిని కొలుస్తున్నామో వారు అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాయన మళ్లీ అడిగాడు. "ఏమిరా, బంతి గుండ్రంగానే వుందా?" ఈసారి కూర్చోబెట్టి చాచా సంగతంతా చెప్పాను. మా నాయన పాతికేళ్లుగా కుట్టుమిషను మీద వంగి కూర్చునే మనిషి. అంతా విని, కొంచెంసేపు తన మెడ తడుముకుని, "ఆ రెండు నిమిషాలు ఏం చెయ్యాలో నాకూ చూపించు" అన్నాడు. "ఫలితం ఇంకా తేలలేదు నాయనా" అన్నాను. "తేలేదాకా ఆగడానికి నాకు ముప్ఫై ఏళ్లు లేవురా, ముందు రక్తపోటన్నా చూడు" అన్నాడు.

ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, రెండుసార్లు చూసి, చీటీ మీద తెలుగులో రాసి ఇచ్చాను.